ముగ్గు మీద ఆయిలు మరక

"నాయనమ్మా, నేను కారు తీసేటప్పుడల్లా అలా వంగి కింద చూస్తావేంటి?"

చూడొద్దా మరి? ఆగరా నానీ, ఇంజను ఆపు, చెప్తా. నిరుడు మీ అక్క రమ్య పురిటికి ఇక్కడికొచ్చిందా... నువ్వు హైదరాబాదులో ఉన్నావులే. నీకు చెప్పొద్దన్నారు మీ తాతయ్య. కంగారుపడతావని పైకి అన్నారు గానీ, అసలు సంగతి పరువు పోతుందని!

ఈ కారుకి ఆయిలు తనే మార్చారురా ఆ మహానుభావుడు. షెడ్డువాళ్ళు సరిగ్గా చెయ్యరంట. ఫోన్లో ఏదో వీడియో చూసి పాత ఆయిలు బేసిన్లోకి దించారు. నా పప్పు కడిగే బేసిను, ఇప్పటికీ కంపే. సరే, కొత్తది పోశారు. పొయ్యగానే కింద బోల్టు దగ్గర కారటం మొదలైంది. మెకానిక్కుని పిలవమంటే వింటారా? పొలంలో మోటారు పైపు కారితే దారం చుట్టి బిగిస్తాం చూడు, ఇక్కడా అదే వైద్యం. మళ్ళీ ఆయిలంతా దించి, నా పూజ అలమరలో పసుపు దారం తీసి బోల్టు మరలకి చుట్టేశారు. "వ్రతం దారమండీ" అన్నా. "అయితే మరీ మంచిది" అన్నారు. మళ్ళీ ఆయిలు పోసి, సాయంత్రం దాకా కింద అట్టముక్క పెట్టి చూస్తే చుక్క లేదు. ఇంక ఆ మీసం మెలెయ్యటం చూడాలి.

తెల్లారి రమ్యని బెజవాడ డాక్టరమ్మకి చూపించాలి. నెలలు నిండాయి పిల్లకి. మీ అమ్మకేమో బళ్ళో సెలవు దొరకలేదు. కారు లోపల చల్లబడాలని ఏసీ వేసి వాకిట్లో కాసేపు స్టార్టు చేసి ఉంచారు, తర్వాత తాతామనవరాళ్ళిద్దరూ వెళ్ళారు. గేటు వేద్దామని వచ్చానా, నా ముగ్గు మధ్యలో ఇంత ఆయిలు మరక! వేలు పెడితే వెచ్చగా ఉంది. ఇంజను వేడెక్కేసరికి ఆ దారం సందుల్లోంచి కారిపోతోందన్నమాట.

మా పెనుగొలను పెద్దన్నయ్య కుంటుతాడు చూడు, ఎందుకనుకున్నావు? ఇలాగే ఆయిలు కారిపోయి, ఇంజను పట్టేసి, ట్రాక్టరు నడిరోడ్డు మీద ఆగితే వెనక లారీ వచ్చి గుద్దింది. అప్పట్లో డీజిలు మూడు రూపాయలో నాలుగో... ఎంతైతే ఏంలే. అన్నయ్య కాలే కళ్ళ ముందు మెదిలింది. కార్లోనేమో నిండు చూలాలు.

తాతయ్యకి ఫోను చేశా. బండి నడిపేటప్పుడు ఎత్తరుగా! రమ్యకి చేస్తే ఇంట్లోనే మోగింది, చార్జింగు పెట్టి మర్చిపోయింది ఆ పిల్ల. వీధిలోకి పరుగెత్తా. చుక్కలు గేటు దాటి, మలుపు దాటి, రోడ్డెక్కేశాయి. చెప్పులు కూడా లేవురా నాకు.

అప్పుడే బెజవాడ బస్సొచ్చింది. చేతులు చాపి అడ్డంగా నిలబడిపోయా. "చావటానికి నా బస్సే దొరికిందా మామ్మా?" అని డ్రైవరు తిట్టాడు. తిట్టనీ. దణ్ణం పెట్టా. "తెల్ల కారు నాయనా, ఎద్దుబండిలా వెళ్తుంటుంది, ఆయిలు కారిపోతోంది, లోపల నా మనవరాలు కడుపుతో ఉంది, దాన్ని ఆపు నాయనా" అని ఏడ్చేశా. అంతే, బస్సు ఉరికించాడతను.

మీ తాతయ్య బండి నడపటం తెలుసుగా, సైకిలు కూడా దాటిపోతుంది. అందుకని మీరంతా నవ్వుతారు. కొండూరు దాటాక అందుకుందట బస్సు. వెనకాల ఒకటే హారను. ఈయన దారిస్తేగా! "నన్ను తొందరపెడతాడా" అని పంతం. స్టీరింగు దగ్గర ఆయిలు ఎర్ర లైటు వెలుగుతోందని రమ్య చెప్పినా వినలేదట. చివరికి బస్సు ముందుకొచ్చి అడ్డం తిరిగితే ఆపారు. కింద ధారే! రమ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆ బస్సే బెజవాడ తీసుకెళ్ళింది. ఈయన మెకానిక్కుని పిలిపిస్తే, దారం తీసేసి కొత్త రాగి వాషరు వేసి బిగించి ఆయిలు పోశాడు. అంతే పని.

ఇంటికొచ్చి ఆ దారం ముక్క నా చేతిలో పెట్టి అరుగు మీద కూలబడ్డారు. నేను తిడదామని నోరు తెరిచా గానీ, ముందు చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చా.

రమ్య కొడుకు, మన బుజ్జిగాడు ఇవాళ గోడ పట్టుకుని నడుస్తున్నాడంటే... ఊఁ. ఆ బస్సు డ్రైవరు చలవేరా.

పొడిగానే ఉందిరా కింద, చూశా. వెళ్ళిరా. నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు. వెనకాల ఎవరన్నా అదేపనిగా హారను కొడితే కోప్పడకు నాయనా. పక్కకి తీసి ఆపు. ఏ ముసలిది పంపిందో ఏమో...