కొండింటి పుస్తకం

ఈస్టర్ సెలవులు. మంచుకొండ మీది చెక్క ఇంట్లో రచయిత్రి గున్వోర్, ఆమె మేనల్లుడు హాల్వార్.

“ఈ ఇంటి అతిథుల పుస్తకాలు ఇచ్చెయ్యి అత్తా. మ్యూజియం వాళ్ళు ఎల్లుండికల్లా కావాలంటున్నారు.”

“ముందు వాఫుల్ తిను. చల్లారిపోతోంది.”

“తిన్నాను.”

“అబద్ధాలు! జున్నుముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది.”

“అంత పెద్ద రచయిత, తాతయ్య శతజయంతి కదత్తా. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ వాటిలో ఆ రోజు వాతావరణం, ఏం తిన్నారు, ఎవరు మంచులో జారిపడ్డారు, అన్నీ రాసి సంతకం పెట్టేవాళ్ళుగా. తాతయ్య రాత, నానమ్మ పద్యాలు, మా నాన్న వెక్కిరింతలు...”

“నావి అక్కర్లేదన్నమాట.”

“నేనలా అన్లేదు.”

“అనక్కర్లేదులే. పదకొండు నవలలు రాశాను. ప్రతిదానికీ ఒకటే మాట, ‘అచ్చం తండ్రిలాగే రాసింది’ అని.”

“అది పొగడ్తేగా!”

“నీకలాగే ఉంటుంది. బ్యాంకులో పనిచేసేవాడివి.”

“ఇదేనా? పొయ్యి పక్కనున్నది?”

“అది కాదు. పాతవి మూడున్నాయి, అటకమీద. అవి పట్టుకెళ్ళు.”

“ఇందులోనూ తాతయ్య రాత ఉందిగా! ‘గాలి విసురుగా ఉంది. గున్వోర్ మళ్ళీ కాఫీ పొంగబెట్టింది.’ ఆగాగు... ఇది నిరుడు ఈస్టర్‌ది.”

“మూసెయ్యరా.”

“తాతయ్య పోయి పద్నాలుగేళ్ళు!”

“మూసెయ్యమన్నానా!”

“నానమ్మ సంతకం... మా నాన్న గీసే నక్క బొమ్మ. అత్తా, నాన్నని మట్టిచేసి ఏడేళ్ళయింది. ఇవన్నీ నువ్వే రాశావా?”

“అచ్చం తండ్రిలాగే రాస్తానుగా. అమ్మలాగా వచ్చు, తమ్ముడిలాగా వచ్చు.”

“ఎందుకత్తా?”

“వారం రోజులు ఒక్కదాన్నే ఉంటాను. ‘మంచు పడింది, గున్వోర్’ అని రాస్తే అయిపోతుంది. తక్కిన పేజీ అంతా తెల్లగా కనిపిస్తుందిరా. చూడలేకపోయాను.”

“ఇంకెన్ని పేజీలున్నాయిలా?”

“తిట్టు, పోనీ.”

“ఇక్కడ నా పేరుంది.”

“ఆ పేజీ చదవకు.”

“‘హాల్వార్ వచ్చాడు. రెండు రోజులున్నాడు. వాఫుల్స్ ఏడు తిన్నాడు. వెళ్ళనన్నాడు.’ అత్తా... నేను రానేలేదు.”

“తెలుసు.”

“రమ్మని ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా!”

“చేశాను. పని ఉందన్నావు. మూడేళ్ళుగా అదే అంటున్నావు.”

“...కలం ఎక్కడుంది?”

“ఇదిగో. పోయినవాళ్ళ చేతిరాతలు నాకు కంఠతా వచ్చురా. నీదే కుదరడం లేదు. చిన్నప్పటి గుండ్రటి అక్షరాలే గుర్తున్నాయి.”

“ఏం రాయను?”

“నీ ఇష్టం. కాస్త ఎక్కువే రాయి. వచ్చే ఏడు చూసి రాసుకుంటాను.”