పెట్రోలు పోసిన చోట కూర్చున్నాను

నా పేరు వంతల రాజకుమారి. భర్త ఫల్గుణ, చనిపోయాడు. వయసు నలభై నాలుగు. ఊరు అరకు కొండల్లో లింబగుమ్మి. ఎకరన్నర కాఫీ తోట ఉంది, దిగువ మడిలో రాగులు వేస్తాను. ఏడో తరగతి చదివాను. ఈ రోజు 2025 ఫిబ్రవరి 25, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో మేజిస్ట్రేటు గారికి చెబుతున్నాను. పోలీసులను బయటికి పంపారు. నా ఎడమ కాలు మోకాలి కింద కాలింది. తెలివిగానే ఉన్నాను.

జనవరి నెలాఖరులో మా ఊరి పైన, వాగు పక్కకు ఒక కంపెనీ సర్వే కోసం డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చింది. కరెంటు కోసం కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారట. గ్రామసభ పెట్టలేదు. మేము తాగేది ఆ వాగు నీళ్లే. ఫిబ్రవరి 3, సోమవారం ఉదయం ఏడు గంటలకు ఆడవాళ్లం నలభై ఒక్కరం మెషిన్ ముందు కూర్చున్నాం. కర్ర పట్టుకోలేదు, రాయి పట్టుకోలేదు. మెషిన్ ఆగింది. రెండు అర్జీలు పంపాం. జవాబు రాలేదు.

17వ తేదీ మధ్యాహ్నం కంపెనీ కాపలావాళ్లు మమ్మల్ని ఈడ్చి పక్కన పడేశారు. మాలో సోములమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఆమె ఏడవలేదు. లేచి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, మళ్లీ అక్కడే కూర్చుంది. మేమూ కూర్చున్నాం. సాయంత్రం ఆమెను మోటార్‌సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది నా మరిది సుక్రు, నా భర్త తమ్ముడు.

19వ తేదీ బుధవారం మూడో అర్జీ మీద సంతకాలు పెట్టడానికి అందరూ కిందికి, బడి దగ్గరికి వెళ్లారు. మెషిన్ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. మెషిన్ నడిపే గోపి దాని కింద గోనెపట్టా పరుచుకుని నిద్రపోతున్నాడు. అతనిది కింది మైదానం, బొబ్బిలి వైపు. మంచివాడు. మాతోపాటే అంబలి తాగేవాడు.

మూడున్నరకు సుక్రు ఐదు లీటర్ల క్యానుతో వచ్చాడు. ముందు గోపిని తట్టి లేపాడు.

"లెగు బాబూ. బేగి దూరంగా పో," అన్నాడు.

గోపి దూరంగా పోయి నిలబడ్డాడు. సుక్రు టైర్ల మీద పెట్రోలు పోశాడు. నేను వెళ్లి టైరుకు ఆనుకుని కూర్చున్నాను. చీర తడిసింది.

"లెగు వదినా."

"నాను లెగను."

"పదేడు రోజులు కూకున్నారు. ఏటి మారింది? ముసల్దాని సెయ్యి ఇరిగింది. అదొక్కటే మారింది."

"మెషిను ఆగింది గదా."

"ఆగింది గానీ పోలేదు గదా! సర్కారు మన మాట ఇంటాదేటి? అన్న తుపాకీ అట్టుకున్నాకే ఈ కొండకి రోడ్డేసేరు. అంతకుముందు ఎన్ని అర్జీలు ఎట్టేం?"

అది నిజమే. నా భర్త 2011లో అడవిలోకి వెళ్లాడు. పద్నాలుగు నెలల తర్వాత దుప్పటిలో చుట్టి తెచ్చారు. ఆ మరుసటి ఏడాదే రోడ్డు వేశారు. వేసింది మా కోసం కాదు, పోలీసు జీపుల కోసం.

"ఆ రోడ్డు మీంచే గదా ఈ మెషిను వచ్చింది," అన్నాను.

సుక్రు జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అగ్గిపుల్ల గీశాడు. నేను అతని ముఖం చూస్తూ కూర్చున్నాను. భయం వేసింది. లేవాలని రెండుసార్లు అనుకున్నాను, కాళ్లు రాలేదు. ధైర్యం అని రాయకండి. పుల్ల వేళ్ల దాకా కాలాక అతను వాగు వైపు విసిరాడు. నా మీదకు కాదు, మెషిన్ మీదకు కాదు, వాగు వైపు. ఇది తప్పకుండా రాయండి. పెట్రోలు పల్లానికి పారి ఉంది. గడ్డి అంటుకుంది. మంట వెనక్కి వచ్చి నా చీర పట్టింది. గోపి గోనెపట్టా వాగులో ముంచి తెచ్చి నా మీద కప్పాడు. సుక్రు చేతులతోనే చీర లాగేశాడు. అతని రెండు అరచేతులూ కాలాయి. ఒక టైరు కాలింది.

ఆటోలో సుక్రు ఒకటే మాట. "నా పేరు సెప్పీ వదినా. ఊరి మీద ఎట్టొద్దు."

నేను చెప్పలేదు. పెట్రోలు ఎవరు పోశారో నాకు తెలియదనే ఆరు రోజులు పోలీసులకు చెప్పాను. అది అబద్ధం. నా మరిదిని నా నోటితో జైలుకు పంపడం ఇష్టం లేక చెప్పాను. మీరంతా కలిసి వంట చేసే చోట పెట్రోలు దాచారు కదా అని వాళ్లు మూడుసార్లు అడిగారు. దాచలేదు. మూడుసార్లూ దాచలేదనే చెప్పాను. నిన్న మా పక్కింటి నీలవేణి వచ్చి, కేసులో నలభై ఒక్కరి పేర్లూ ఎక్కించారని చెప్పింది. సోములమ్మ పేరు కూడా ఉందట. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. పెట్రోలు తెచ్చింది, పోసింది సుక్రు ఒక్కడే. పుల్లను పక్కకు విసిరింది కూడా అతనే. రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి వదిలేయకండి.

22న మెషిన్‌ను లారీకి కట్టి కిందికి లాక్కెళ్లారు. మంటకు భయపడి తీసుకెళ్లారని మగవాళ్లు అంటున్నారట. ఎవరి చేతిలోనూ కర్ర లేకుండా ఇరవై రోజులు కూర్చుంటే సిగ్గుపడి తీసుకెళ్లారని నీలవేణి అంటోంది. పడుకుంటే నాకు అదే ఆలోచన. నాకు తెలియదు. నా భర్త పోయాక మా ఊళ్లోకి పోలీసు బూట్లు వచ్చాయి, ఏడుగురు మగవాళ్లు జైలుకు పోయారు, వాళ్లను విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. అది మాత్రం తెలుసు. మంట నిజంగా మెషిన్‌ను పట్టి ఉంటే ఈపాటికి బూట్లు మళ్లీ వచ్చేవి. అదీ తెలుసు.

సర్వే రద్దయినట్టు కాగితం ఇంకా ఇవ్వలేదు. మెషిన్ పోయిన ఖాళీ చోట ఆడవాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. ఇప్పుడు వంతులు వేసుకున్నారు. మా ఇంటి వంతు శుక్రవారం. అప్పటికి నన్ను పంపుతారో లేదో డాక్టరు గారిని ఎవరైనా అడిగి చెప్పండి.

నేను చెప్పినది నాకు చదివి వినిపించారు. ఒక చోట సుక్రు పుల్ల "వేశాడు" అని ఉంటే "వాగు వైపు విసిరాడు" అని దిద్దించాను. ఎవరి బలవంతమూ లేకుండా, నేను చూసింది చూసినట్టు చెప్పాను.

(సంతకం) వంతల రాజకుమారి