నంబరు ప్లేటు వంచకు

అది కాదు రజాక్ భాయ్, నేను చెప్పిందేంది, నువ్వు చేస్తున్నదేంది? నంబరు ప్లేటు సాపుగ చెయ్యుమంటే మల్ల మీదికి వంచుతవేంది? దించు. పూర్తిగ దించు. గుడ్డ పెట్టి తుడువు. రోడ్డు అవతలికెళ్లి చూసినా ఒక్కొక్క అంకె కనవడాలె.

ఎరుకే. ఫలక్‌నుమాల నీ షాపుకొచ్చేటోళ్లంత వంచుమనే అడుగుతరు. చలాన్ పడొద్దని ఒగడు మడతపెడ్తడు, ఒగడు గుడ్డ కడ్తడు. నాకు పడాలె. రోజుకొకటి పడ్డా ఫికర్ లేదు.

గట్ల చూడకు. పిచ్చేం పట్టలేదు నాకు. పొద్దుగాల అయిదింటికి డిపోకు పోయి, టికెట్ల మిషన్ మెడకేసుకొని, దినమంత బస్సుల నిలవడి వస్తున్న. పిచ్చోళ్లకు కండక్టర్ నౌకరీ ఎవ్వలియ్యరు.

ఇగ ముందుగాల హ్యాండిల్ ముంగటి గీ గాలి అద్దం తీసెయ్యి. గాలి కొడ్తదా? కొట్టనియ్యి. దూరం పొయ్యేటోళ్లకు అద్దం మంచిదే, నేనేం దూరం పోతలేను. దాని మీద ఎండ పడి తళతళ మెరుస్తది, ఎన్క నా మొఖం కనవడ్తలేదు. పోయిన మంగళారం చలాన్ ఫోటోల గడ్డం ఒక్కటే పడ్డది. గంట సేపు తయారైన దానికి గడ్డం ఒక్కటేనా?

పక్కల రెండు డబ్బాలు గూడ ఊడబీకు. దాచిపెట్టుడెందుకు, తూకానికి వేసెయ్యి. అండ్ల ఏమేం పడ్తయో నన్నడుగు. ప్రహ్లాద్ లడాఖ్ పోయిననాడు సదిరిచ్చింది నేనే గదా. ఒక డబ్బల ఉన్ని బట్టలు, ఇంకో డబ్బల సకినాలు, పచ్చడి సీసాలు. ఎన్క సీటు మీద టెంటు కట్టిండు. మరి నేనెక్కడ కూసోవాలె అని అడిగిన. నవ్విండు. నవ్వుకుంట కిక్కు కొట్టిండు.

తిరిగొచ్చినంక మా లాల్‌దర్వాజా గల్లీ అంత దీనికి లడాఖ్ బండి అని పేరు పెట్టిర్రు. బండికి దండేసిర్రు. పద్దెనిమిది దినాలు ఒక్కదాన్ని ఎట్లున్ననో నన్ను ఒక్కలు అడగలే. తొమ్మిదేండ్ల పెండ్లిల ఒక్కపారి గూడ గా సీటు మీద కూసోలే నేను. గిప్పుడు ముంగట సీటు మీదనే కూసున్న. కాళ్లు అందుతలేవు, మునివేళ్ల మీద నిలవడ్తున్న, అది వేరే సంగతి. సీటు జర కోసి తగ్గియ్యి.

టైర్లా? నువ్వన్నది మొత్తం విన్న. ఎన్క టైరు నడిమిట్ల అరిగింది. రబ్బరు గట్టిపడ్డది. పక్కల నాలుగంకెలున్నయి, ఏ ఏడు తయారైందో అవే చెప్తయి, అయిదేండ్లు దాటింది. వానల జారుతది. ఊకె చెప్పకు.

మార్చ. గా గుబ్బల టైర్లు ఆయన కొండలెక్కనీకె ఏరికోరి తెచ్చుకున్నడు. పెండ్లినాడు నన్ను గూడ గంత చూపు చూసి ఏరలే. గిప్పుడు అవ్విటిని అలియాబాద్ గుంతలల్ల, మోరీ నీళ్లల్ల తిప్పుతున్న. ఆయన ఎక్కిన కొండలన్ని గీ గల్లీలల్ల అరిగిపోవాలె. దారాలు బయటవడ్డంక అప్పుడు చూద్దాం నీ కొత్త టైర్లు.

మల్ల గదే మాట. పేరు మార్పు, పేరు మార్పు. రెండు నెలలసంది నీకు ఇంకో ముచ్చట లేదా?

కాగితాలున్నయి భాయ్. సుజనకు కారు కావాల్నంట, కొత్త పెండ్లాం అడిగితే కాదంటడా, బండిని మొఘల్‌పురా బ్రోకర్‌కు అమ్మేసిండు. ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి చేతులు దులుపుకున్నడు. ఎవలు కొన్నరో గూడ అడగలేదంట. నేను కొన్న. ఆయన సంతకం కింద నా సంతకం పెట్టి ఇస్తే పని అయిపోతది. బీరువల ఉన్నయి. సంతకం మాత్రం పెట్ట.

ఒక్కటి చెప్పు. నిన్ను ప్రహ్లాదే పంపిండు గదా? చిన్ననాటిసంది దోస్తువంటివి. ఆయన బిర్యానీ తిన్నోనివి, ఆయన మాటనే మోస్తవు. కాళ్లు పట్టుకుంట, ఎట్ల చేసన్న పేరు మార్పిచ్చుకొమ్మను, నాకు నిద్ర వడ్తలేదు అన్నడా?

అనాలె. గందుకే గదా ఇదంత.

ఇను. బండి ఆయన పేరు మీద ఉన్నన్ని దినాలు చలాన్ ఆయనకే పోతది. ఫోన్‌కు మెసేజ్ వస్తది, నొక్కితే ఫోటో. నా నంబరు బ్లాక్ చేసిండు, మా అక్కది బ్లాక్ చేసిండు. చలాన్‌ను ఎట్ల బ్లాక్ చేస్తడు? చౌరస్తాల పోలీసాయన కెమెరా పట్టుకొని నిలవడ్తడు గదా, అక్కడికి రాంగనే హెల్మెట్ తీసి మోచేతికి తగిలిస్త. ఎంటికలు సదురుకుంట. గీత దాటి నిలవడి కెమెరల సీదా చూస్త. ఒకపారి ఆయనే అన్నడు, అమ్మా మల్ల నువ్వేనా అని. జర దగ్గరికెళ్లి తియ్యి సార్ అన్న. జుర్మానా మాపటికే నేనే కట్టేస్త, బండి గుంజుకపోవద్దని.

పద్నాలుగు ఫోటోలైనయి.

ఎందుకా? పంచాయితి నాడు నువ్వు లేవు, నీకు తెల్వది. పెద్దమనుషులు అడిగిర్రు, ఏమయ్యా, ఎందుకిడిసి పెడ్తున్నవ్ అని. కట్నం అడగలే, కొట్టలే, తిట్టలే. దీని మొఖం చూడబుద్ధైతలేదు, గంతే అన్నడు. నీళ్లు కావాలన్నంత సల్లగ అన్నడు. కొట్టినా బాగుండు. పెద్దమనుషులు నలుగురు ఒక్కపారే నా దిక్కు తిరిగి చూసిర్రు, నిజమేనా అన్నట్టు. ఒకాయన కండ్లద్దాలు సదురుకొని మరీ చూసిండు.

ఇగ చూస్తడు. రోడ్డు మీద నేను ఎప్పుడు అనుకుంటే అప్పుడు చూస్తడు. బువ్వ తింటుంటె చూస్తడు. సుజన పక్కల పండుకున్నంక చూస్తడు. అది గూడ చూస్తది. ఏడో నెలంట గదా దానికి? చూడనియ్యి. పుట్టెటి పిల్లకు నా మొఖమే రావాలె. అప్పుడు బతుకంత ఎత్తుకొని తిరుగుతడు.

చెడ్డ మాటనా? అయితే ఏమాయె? నా గురించి అన్నప్పుడు ఎవలు నోరు మూపిచ్చిర్రు?

చెప్పు భాయ్. ఏడుస్తున్నదా సుజన? ఇంట్ల లొల్లి అయితున్నదా? తలుపులేసుకొని కొట్లాడుతున్నరా? జర వివరంగ చెప్పు, నా చెవులు సల్లవడ్తయి.

ఏంది? గట్టిగ చెప్పు, ఆటోల సప్పుడుకు ఇనవడ్తలేదు.

ఆయనకేం తెల్వదా?

నీ ఫోన్ ఎందుకు చూపిస్తున్నవ్ నాకు? ఇటియ్యి. ఇది... మంగళారందే. గడ్డం. ఇది నీలం డ్రెస్సు నాటిది. ఇది వాన పడ్డనాటిది. నీ ఫోన్ల ఎందుకున్నయి ఇవ్వన్ని?

ఆగు, ఆగు. బండి లోన్ తీరినంక ఆర్టీఓ ఆఫీసుకు కాగితాలు తిప్పింది నువ్వు. ఆఫీసుల ఫోన్ నంబరు అడిగితే, ఆయన ఫోన్ ఎత్తకపోతే, నీదే రాసిచ్చినవ్. మల్ల ఎవ్వలు మార్చలే. గంతేనా?

అంటే పద్నాలుగు సార్లు నీకే వచ్చిన.

మరి రెండు నెలలు నోట్ల ఏం పెట్టుకున్నవ్? పేరు మార్పు అని సతాయించుడు తెలుసు గని, గీ ముక్క చెప్పరాలేదా? సిగ్గనిపిచ్చిందా? సిగ్గు మొదటి ఫోటోకు రావాలె భాయ్, పద్నాలుగు చూసినంక గాదు.

మీ ఇంటామె అజ్మతున్నీసా ఆపా చూసిందా? అదా సంగతి. గందుకే పోయిన వారం సలాం చెప్తె మొఖం తిప్పుకున్నది. ఎవలీమె, రోజు తయారై నీ ఫోన్లకు ఎందుకొస్తున్నదని అడిగిందా? మూడు దినాలు పొయ్యి ముట్టియ్యలేదా? నువ్వు హోటల్ల తిన్నవా?

నవ్వక ఏం జెయ్యాలె? లొల్లి పెట్టాలనుకున్న, పెట్టనే పెట్టిన. ఇల్లే తప్పింది. అక్కడ వాళ్లు హాయిగ తిని పండుకున్నరు, ఇక్కడ మీ ఆపా బువ్వ మానేసింది. నా చేత్తోని నేను ఒక్క పని సక్కగ చెయ్యలేదని ప్రహ్లాద్ అంటుండె. నిజమే అన్నడు.

ఊకో భాయ్, ఆయన ఒక్కటి గూడ చూడలేదని చెయ్యి నెత్తి మీద పెట్టుకొని ఒట్లు పెట్టకు. నమ్ముతున్న.

నిజం చెప్పాల్నా? సుజన ఏడిస్తె నాకొచ్చేదేముంది? దాని మొఖం గూడ సరిగ ఎరుక లేదు నాకు. పంచాయితి నాడు గా నలుగురు చూసిన చూపున్నది గదా, గా నాటిసంది అద్దంల నన్ను నేను గట్లనే చూసుకుంటున్న. నిజమేనా అన్నట్టు. చౌరస్తాల కెమెరా ముంగట నిలవడ్డప్పుడే, గా ఒక్క నిమిషం, చూస్తడు, చూడక ఎక్కడికి పోతడు అనుకుంటె పానం మంచిగనిపిస్తుండె. రెండు సార్లు జడల మల్లెపూలు గూడ పెట్టుకున్న. టికెట్లు కొట్టేదానికి పూలెందుకని డిపోల నవ్విర్రు.

నువ్వు చెప్పు. అన్నీ చూసినవ్ గదా. అంత చూడబుద్ధి గాని మొఖమా?

వద్దు, చెప్పకు. సిగ్గువడి తల దించుకున్నవ్ గదా, చాలు.

టైర్లు నీ ఇష్టం. రోడ్డు టైర్లే వెయ్యి, జారనివి. ఆయన చూస్తలేడంటే జారి పడుట్ల గూడ మజా లేదు. రేపు ఫారాలు తెస్త, సంతకం నీ ముంగటనే పెడ్త.

బండి నా పేరు మీదనే రాపియ్యి. ఫోన్ నంబరు కాడ మాత్రం నీదే ఉండనియ్యి. ఆపా తిడితే తిట్టనియ్యి. నా మొఖం ఎవలో ఒకలన్న చూడాలె గదా.