చెంచురామయ్యను మళ్లీ ఏడ్చిన గాలెమ్మ

తూర్పు చేలల్లో చింతచెట్టు కింద ఉన్న మోటబావి మీకందరికీ తెలుసు. తెలుసు కాబట్టే గొర్రె తప్పిపోయి అటు పోతే గొర్రెనన్నా వదిలేసుకుంటారు గాని మీరు అటు పోరు. అది ఎందుకలా అయిందో చెబుతాను. చిన్న కథే, ఈ చుట్ట కాలేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు గాలెమ్మ గురించి చెప్పాలి, గాలెమ్మ గురించి చెప్పాలంటే మన ఊరి చావుల గురించి చెప్పాలి. ఏడుకొండలూ, అప్పుడే ఆవలించకు, మీ తాత కూడా వస్తాడు ఇందులో.

ఆ రోజుల్లో ఊళ్లో మనిషి పోతే మొదటి కబురు గాలెమ్మకే. ఆవిడ వచ్చి శవం తల దగ్గర కూర్చుని, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని శోకం ఎత్తుకుందంటే పోయినవాడి బతుకంతా పుట్టినప్పటి నుంచీ వరసగా వచ్చేది. ఏ చేను ఎప్పుడు దున్నాడు, ఏ ఎద్దును ఏమని పిలిచాడు, ఏ సంబంధం ఎందుకు తప్పిపోయింది, కన్నకొడుకులకు గుర్తులేనివి కూడా ఆవిడ దగ్గర ఉండేవి. అయితే చెడ్డవి పక్కన పెట్టి మంచివే ఎంచి ఏడ్చేది, చివర్లో ఎవరికైనా సరే ‘చీమకైనా కీడు చేయని తండ్రీ’ అని ముగించేది. మనవాళ్లు చీమల జోలికి ఎప్పుడూ పోలేదు లెండి, పోయిందంతా మనుషుల జోలికే.

అలా ఉండగా చెంచురామయ్య పోయాడు. ఆయన ఏటా తొలకరికి పొలం గట్టు కాస్త అవతలికి జరిపేవాడు. ఇరవై ఏళ్లలో ఆయన పొలం పెరిగింది గాని ఆయనకు పొలం అమ్మినవాడు మాత్రం ఊళ్లో లేడు. గాలెమ్మ ఆయన తల దగ్గర కూర్చుని ఎంత వెతుక్కున్నా మంచి దొరకలేదు, దొరక్క ఏం చేసిందయ్యా అంటే, అంతకుముందు పోయినవాళ్ల మంచిలో నాలుగు ముక్కలు తెచ్చి ఈయనకు అతికించి ఏడ్చేసింది. ఆవిడ జన్మలో చేసిన తప్పు అదొక్కటే.

పెద్దకర్మ నాడు ఆ మోటబావి పక్క చింతచెట్టు కింద పిట్టకు విస్తరి పెట్టారు. కాకి వచ్చి కొమ్మ మీద కూర్చుంది, విస్తరిలోకి చూసింది, దిగలేదు. అమ్మను చక్కగా చూసుకుంటానని కొడుకు మాటిచ్చాడు, దిగలేదు. పెళ్లాం రోశమ్మ విస్తరి పక్కన చుట్ట పెట్టింది, దిగలేదు. పిట్ట ముట్టందే ఎవరూ తినడానికి లేదు కదా, ఏడుకొండలు తాత చెట్టు కింద నిలబడి తనే కావు కావుమని అరిచి చూశాడు. ఆయన బెంగ చెంచురామయ్య మీద కాదు, గారెల మీద. పొద్దు నడినెత్తికి వచ్చాక విస్తరి ఆవుకు పెట్టి భోజనాలకు లేచారు.

వారం తిరిగాక గాలెమ్మ చింతచిగురు కోసుకుందామని ఎర్రటి ఎండలో ఆ బావి దగ్గరకు వెళ్లింది. నీడ కాళ్ల కిందే ఉంది, గాలి లేదు. ఎద్దులు లేవు, మోట లేదు, అయినా గిలక కిర్రుమంటోంది. చూస్తే బావి గట్టు మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చున్నాడు, తలపాగా చెంచురామయ్య కట్టినట్టే ఉంది. ఏమే గాలీ, ఆవేళ ఎవర్ని ఏడ్చావే అన్నాడు. నిన్నే మామా అంది. నన్ను కాదే, అన్నాడు. నీ ఏడుపు విని అక్కడ మన పెద్దలంతా చీమకు కూడా కీడు చేయనివాడు వస్తున్నాడని వాకిట్లో నిలబడ్డారు, నన్ను చూసి నువ్వెవరన్నారు, కన్నతండ్రి కూడా వీడు మావాడు కాదు పొమ్మన్నాడు, అని ఇటు తిరిగాడు. మొహం లేదు. తడిమట్టిని అరచేత్తో సాపు చేసినట్టుంది. ఉన్నదున్నట్టు ఏడిస్తేనే నాకు చోటు, లేకపోతే ఇక్కడే, అన్నాడు.

ఇప్పుడు గాలెమ్మ ఏం చేయాలి? పోయినవాణ్ణి తిట్టి ఏడ్చిందంటే రేపు ఏ ఇంటివాళ్లు పిలుస్తారు? పిలవకపోతే ఆవిడ ఇంకెందుకు? రెండు రోజులు అన్నం సయించక, మూడోనాడు రోశమ్మ దగ్గరకు వెళ్లి చెప్పేసింది. రోశమ్మ చేటలో కందులు ఏరుతోంది. అంతా విని చేట పక్కన పెట్టి, పదవే, నువ్వు మర్చిపోతే నేనందిస్తాను అంది.

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ బావి దగ్గర విస్తరి వేసి కూర్చున్నారు. కబురు పొక్కి ఊరంతా వెనకాలే వచ్చింది, ఆత్మశాంతి కోసమంట. గాలెమ్మ ఎత్తుకుంది.

“ఏటికి మూరెడు గట్టు జరిపిన మామా...”

“బారెడు,” అంది రోశమ్మ.

“తమ్ముడి నీళ్లు మళ్లించి గుళ్లో ప్రమాణం చేసిన మామా, ముల్లుగర్రతో పెళ్లాన్ని కొట్టిన మామా...”

రోశమ్మ విస్తరి మీద వాలిన ఈగను తోలింది. “గేదె చచ్చిననాడు మూడు రోజులు మెతుకు ముట్టలేదు, అదీ చెప్పు. నేను జ్వరంతో పడున్ననాడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు, అదీ చెప్పు,” అంది.

చెప్పింది. చెబుతుంటే గట్టు మీది మనిషికి ముక్కొచ్చింది, తర్వాత విరిగిన పన్నొచ్చింది, అది గాలెమ్మకు ఒక్కదానికే కనిపించింది. మిగతావాళ్లకు కాకి దిగి తినడం కనిపించింది. చెంచురామయ్య మంచీచెడూ అనకుండా వెళ్లిపోయాడు, ఎప్పుడన్నాడు గనక.

మర్నాడు గాలెమ్మ, చిగురుకొచ్చిననాడు అక్కడ మరిచిన కొడవలి కోసం వెళ్లింది. గట్టు మీద పదిహేడుమంది అటు తిరిగి కూర్చున్నారు. అందరూ ఆవిడ మంచివే ఎంచి ఏడ్చి పంపినవాళ్లే, వీపులు చూసి గుర్తుపట్టింది. అంకమ్మా, మీ నాయనమ్మ కూడా ఉంది. ఆవిడ గురించి ఏం ఏడవాల్సి వచ్చిందో ఇప్పుడొద్దులే, నువ్వు ఇంటికెళ్లి కోడలికి మొహం చూపించాలి.

ఈసారి గాలెమ్మ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, రోశమ్మను తోడు తెచ్చుకుని రోజుకొకర్ని చొప్పున పదహారుమందిని పంపింది. మిగిలింది ఒక్కడు. ఆవిడ మొగుడే, పేరయ్య, పాము కరిచి అప్పటికి ఇరవై ఏళ్లు. రోశమ్మ విస్తరి వేసి కూర్చుంది. గాలెమ్మ నోరు తెరవలేదు. ఏమే, ఈయన్ని పంపవా అని రోశమ్మ అడిగింది. ఈయన సంగతి నాకొక్కదానికే తెలుసు అత్తా, అని లేచి వచ్చేసింది.

తర్వాత ఆరేళ్లు బతికింది గాలెమ్మ. రోజూ మధ్యాహ్నం అన్నం మూట కట్టుకుని అక్కడికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని తిని వచ్చేది. ఆయన అడుగుతూనే ఉండేవాడంట, ఆవిడ చెప్పకుండానే పోయింది. ప్రేమో, కక్షో, రోశమ్మకు కూడా అంతుపట్టలేదు.

కాబట్టి అటు పోవద్దు. మొహం లేని మనిషి లేచి ఎదురొచ్చి నేనెలాంటివాణ్ణో చెప్పమంటాడు. జాలిపడి మంచివాడివని మాత్రం అనకండి, మనకు తెలియదు.