తాయమ్మ సారెలో ఇసుర్రాయి

ఉరుకుందు కాలు ఆ వారమంతా ఒకచోట నిలవలేదంట. వాని పెండ్లాం హనుమక్క జొన్నరొట్టె తట్టి పెడితే సగం తిని లేసేది, వాకిట్లో ఈ కొసకీ ఆ కొసకీ తిరిగేది, మళ్ల వచ్చి ఆ సగం రొట్టె ముందర కూసునేది. ఎందుకంటే చెల్లెలు తాయమ్మకు శ్రీమంతం. నిండు నెలలు. బేస్తవారం పుట్టినింటి సారె పోవల్ల. అమ్మా లేదు నాయనా లేడు, ఆ పిల్లకు ఉన్నది ఈ అన్న ఒక్కడే. సారె అంటే ఏముందిలే, ఒక చీర, నాలుగు గాజులు, గంపెడు కర్జికాయలు, గంపెడు బచ్చాలు, అదేలే బొబ్బట్లు, అందరూ తీసుకపోయేదే కదా అంటారు మీరు. అందరికీ అదే. తాయమ్మకు కాదు. ఆయమ్మకు గోదుమ పడదు.

పడదు అంటే ఏదో నోటికి రుచించదని కాదు, ఇనండి. గోదుమపిండి ఒక్క ముద్ద లోపల పడిందనుకో, కడుపు కుండ మాదిరి ఉబ్బేది, పది దినాలు చెంబు పట్టుకొని తిరిగేది, మొకంలో నెత్తురు చుక్క ఉండేది కాదంట. రెండు తూర్లు కడుపు నిలవలేదు. మొదటి తూరే, ఇది గోదుమ చేసే పనే అని కనిపెట్టింది మంత్రసాని కాశింబీ. ఆయమ్మ మాట పట్టుకొని తాయమ్మ గోదుమ మానేసె. మానేసి ఊరికే కూసుందా? జొన్నపిండితో, కొర్రపిండితో, సామలతో ఏమేమో చెయ్యడం నేర్చుకొనె. కొర్రపిండితో బచ్చాలు చేసేదంట, నోట్లో పెట్టుకుంటే కరిగేవంట. అయినా ఒక నెల బాగుంటే ఒక నెల పడకే. ఎందుకో ఉరుకుందుకు అంతు పట్టలేదు.

ఏమైందంటే, కాశింబీ ఒకదినం ఏదో కానుపుకని ఉరుకుందు వాళ్ల ఊరికొచ్చె. వచ్చి, "ఏమప్పా ఉరుకుందూ, నీ చెల్లెలికి సారె ఏం తీసుకపోతాండావు?" అనె. "ఏముందమ్మా, కర్జికాయలు..." అన్నాడో లేదో ఆ ముసలామె గయ్యిమని లేసె. "పోయిన తూరి నువ్వు తీసుకపోయిన గోదుమపిండి కర్జికాయలు ఏం చేసినాయో తెలుసా నీకు? పుట్టింటోళ్లు తెచ్చింది నోట్లో పెట్టకపోతే నలుగురిలో అన్నకు తలవంపులని రెండు తినిందప్పా ఆ పిల్ల. మూడో దినానికి నేను పోతి. ఆ రెండో కడుపు నిలిచిందా? నాకు ఒట్టు పెట్టించింది, మా అన్నకు చెప్పొద్దని." ఉరుకుందు తల పట్టుకొని కూసునెనంట. కాశింబీనే మళ్ల అనింది, "ఇంగోటి చెప్తా ఇను. ఆ ఇంట్లో ఉండేది ఒకే ఇసుర్రాయి. వాళ్లత్త బసమ్మ పొద్దున గోదుమలు ఇసురుతాది, ఆ రాయిలోనే ఈ పిల్ల జొన్నలు ఇసురుకుంటాది. రాయిలో దూరిన పిండి యాడికి పోతాది? నేను చెప్తే బసమ్మ నవ్వుతాది, గోదుమ తింటే జబ్బంట, ఎవురన్నా ఇంటే మూతి తిప్పుతారు అంటాది."

అదీ సంగతి. అప్పుటినుంచీ వీనికి కుదురు లేదు. మంగళారం సంతకు పోయె. ఇనుప పెనం చేతికి తీసుకొనె, బాగుంది, బరువుంది. మళ్ల, బసమ్మ దీనిమీద గోదుమరొట్టె కాల్చదని ఏం నమ్మకం అనుకొని పెట్టేసె. కొర్రలు ఒక మూట కొందామనుకొనె. కొర్రలు పోయి పడేది యాడ? ఆ రాయిలోనే కదా! చీరలంగడి ముందర నిలబడె, నిలబడి తిరుక్కొనె. అట్ల సంతంతా మూడు సుట్లు తిరిగేతలికి ఒక ముసలామె ఇసుర్రాయి అమ్ముతా కనపడె. నున్నగా అరిగిన రాయి, ఏలితో తోస్తే తిరుగుతాంది. ఇంగ ఆలోచన చెయ్యలేదు, బండికెత్తించి ఇంటికి తోలుకొచ్చె. "హనుమీ, చెల్లెలికి సారె దొరికెనే!" అని వీధిలోంచే కేకేసె.

హనుమక్క మాటకారి కాదు గానీ చెయ్యి తెలిసిన మనిషి. రాయి కడుగుదామని పైరాయి ఎత్తి, బొక్కలో చీపురుపుల్ల పెట్టి గీకె. తెల్లటి పిండి రాలె. అది చేతిలో ఏసుకొని నీళ్లచుక్క ఏసి నలిపె. నలిపి బొటనేలికీ చూపుడేలికీ నడమ సాగదీసె. సాగె! బంక మాదిరి సాగె. జొన్నపిండి యాడన్నా సాగుతుందా? పుటుక్కున తెగుతాది. "ఇది గోదుమ" అనిందంట. ఉరుకుందు ఆ సాగిన పిండినే చూస్తా నిలబడె. చెల్లెలికి మందు అని తెచ్చింది మళ్ల ఇసమే. ఇంగ ఉండేది ఒక్క దినం.

బుదవారం తెల్లారేతలికి ఉరుకుందు రాళ్లు కొట్టే కాశెప్ప గుడిసె ముందర ఉండాడు. "గోదుమ సోకని కొత్తరాయి కావల్ల, రేపు పొద్దునకు" అన్నాడంట. కాశెప్ప నవ్వె. "ఏమప్పా, రాయంటే రొట్టె అనుకుంటివా తట్టి ఇచ్చేదానికి? కొట్టిన జత ఒకటుంది, దానికి గాట్లు పెట్టల్ల, రెండు దినాలు పడతాది." ఉరుకుందు వాని ముందర కూలబడి అంతా చెప్పె. రెండు తూర్లు కడుపు పోయింది, ఇప్పుడు నిండు నెలలు అని చెప్పె. కాశెప్ప ఉలి తీసుకొనె. ఉరుకుందు రాయి కదలకుండా పట్టుకునేది, లేసేది, పొద్దు ఎంతుందో చూసేది, మళ్ల కూసునేది. "కూసుంటే కూసో, నిలబడితే నిలబడు, నా ఉలి బెదురుతాంది" అని కాశెప్ప కసురుకున్యాడంట. మాపటికి రాయి తయారాయె. కొత్తరాయిలో ఇసక రాలుతాది కదా, హనుమక్కా వాడూ ఎదురెదురు కూసొని మూడుతూర్లు జొన్నలు ఇసిరి పారబోసిరి. చేతులు బొబ్బలెక్కె.

బేస్తవారం వీళ్లు పోయేతలికి పందిట్లో ఆడోళ్లంతా చేరినారు, తాయమ్మకు గాజులు ఏస్తాండారు. పుట్టినింటి సారె వచ్చె, పుట్టినింటి సారె వచ్చె అని అందరూ తిరిగి చూసిరి. గంపలు లేవు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి రాయి దించిరి. బసమ్మ సెంప మీద చెయ్యి పెట్టుకొనె. "ఏమప్పా ఉరుకుందూ, సారె అంటే తినేది తెస్తారు గానీ, నిండు చూలాలికి ఇసుర్రాయి తెస్తారా? ఈ కడుపుతో దీన్ని తిప్పుతుందా నీ చెల్లెలు?" అనె. పందిరంతా గొల్లున నవ్వె.

ఉరుకుందుకు అప్పుడు తట్టిందంట. పెనం గురించి ఆలోచన చేసె, కొర్రల గురించి చేసె, రాయిలో పిండి గురించి చేసె, చెల్లెలి కడుపు మాత్రం మర్చిపాయె. చూడండి, మనిషి తిక్క ఎట్లుంటాదో! తలెత్తి తాయమ్మ దిక్కు చూసె. తాయమ్మ రాయినే చూస్తాంది. కొత్త గాట్లు చూసింది, అన్న చేతుల బొబ్బలు చూసింది. "అన్నా," అనింది మెల్లగా, "నీకు కాశింబమ్మ చెప్పిందా?" వాడు తల ఊపె. ఆ పిల్ల కండ్లల్లో నీళ్లు బొటబొటా కారె.

ఇంగ వాడు ఏం జేసినాడంటే, పైగుడ్డ నడుముకు బిగించి, అందరి ముందర రాయి దగ్గిర కూసున్యాడు. "నా చెల్లెలు తిప్పదు, నేను తిప్పుతా. లోపలినుంచి కొర్రలు తే హనుమీ" అన్యాడు. మొగోడు, ఆడోళ్ల నడమ! పిల్లలు సుట్టూ మూగిరి. రాత్రి పెండ్లాం ఎదురుగుండి లాగితే తిప్పినాడు గానీ ఒక్కనికి చాతనవుతాదా? రాయి ఎగురుతాది, కొర్రలు సగం బయటే పడతాండాయి, సెమట కారుతాంది, ఆపడంలేదు. "అన్నా, సాలు లేయన్నా" అని తాయమ్మ ఏడుస్తాంది. వాడు లేయడు. ఎంతసేపని చూస్తాది బసమ్మ! గింజలు మట్టిపాలైతే పాణం ఒప్పుకోని మనిషి అది. దబదబా వచ్చి, "జరుగప్పా! బంగారంటి కొర్రలు నేలపాలు చేస్తివి కదరా" అని వాన్ని పక్కకు తోసి తను కూసునె. కూసొని, పిడి పట్టుకొని, తిప్పబోయి ఆగె. ఎందుకో తన చేతులు చూసుకొనె. పొద్దున బచ్చాలకని గోదుమపిండి కలిపిన చేతులు, గోళ్ల సందులో తెల్లగా ఇంకా ఉంది. "నీళ్లు తేండే" అని కేకేసిందంట. నీళ్లు తెస్తే మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కొని, అప్పుడు పట్టుకొనె పిడి.

ఇంగేముంది, ఆ రాయిలో గోదుమ పడలేదు, తాయమ్మ తేరుకొనె, నెల దాటక ముందే ఆడబిడ్డ పుట్టె. బసమ్మ మారిందా అంటారా? యాడ మారుతాది! కోడలి తిండిమీద గొణుగుడు కడదాకా మానలేదంట. గొణుగుతానే ఇసిరేదంట. నోరు ఎటన్నా పోనీలేప్పా, చెయ్యి కడుక్కొనిందా లేదా, అది చూడల్ల మనం.