బావగారి ఇనుపగది

మరీ ఇంత అన్యాయమా బావగారూ! ఆ పక్షవాతమేదో కింది గదిలో ఉండగా రాకూడదూ? ఇరవై రెండు మెట్లు! డెబ్బై దాటిన మోకాళ్ళతో ఎక్కొచ్చాను. ఒక్కో మెట్టుకీ మిమ్మల్ని ఒక్కో తిట్టు తిట్టుకుంటూ వచ్చాను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సగంలోనే కూలబడేవాణ్ణి.

కదలకండి, కదలకండి. గంట కోసమా వెతుకుతున్నారు? ఇదిగో, నా జేబులో ఉంది. నర్సమ్మను కాసేపు నడుం వాల్చి రమ్మని నేనే పంపించాను. పాపం, రాత్రీ పగలూ మీ మొహం చూడాలంటే ఎవరికైనా కష్టమే కదా.

అబ్బ, ఎన్నాళ్ళకు! యాభై ఏళ్ళపాటు మీరు మాట్లాడితే నేను తలూపాను. ఇవాళ నేను మాట్లాడతాను. మీరు తల కూడా ఊపక్కర్లేదు. వినండి, చాలు. చెవులు బాగానే పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని ఎంత సంతోషించానో!

కింద అలికిడి వినబడుతోందా? పాత సినిమాలు దాచే మ్యూజియం వాళ్ళు. మీరే ఉత్తరం రాశారు కదా, మంచాన పడకముందు. 'మూగ సినిమాల కాలపు కథానాయకుణ్ణి, నా చిత్రాలు పదకొండూ నా ఇనుపగదిలో భద్రంగా ఉన్నాయి, లోకం కోసం ఇచ్చేస్తాను' అని. వచ్చారండీ. నలుగురు, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని. పదకొండు పెట్టెలూ హాల్లో వరసగా పేర్చారు. ప్రతి మూత మీదా సినిమా పేరు, దాని కింద మీ పేరు. రాసింది నేనే కదా. మొదటి మూత తీశారు కూడా.

ఏముందా? తొందరెందుకూ. నేను ఇన్నేళ్ళు ఆగాను, మీరు పది నిమిషాలు ఆగలేరూ?

సినిమాల్లో ఆడవేషాలు మగవాళ్ళే వేసిన రోజులు గుర్తున్నాయా? ఉండక ఏం, వేసింది మీరేగా! మీసం గొరిగించుకుని, నడుము సన్నగా కనబడాలని ఊపిరి బిగబట్టి, షాటు అయ్యేసరికి నీలంగా తేలేవారు. మా అక్క ఆ స్టూడియోకి వచ్చింది వేషం కోసం కాదు. మీ ఆడవేషపు బట్టలు వదులు చేయడానికి. కుట్టుపనికి!

అప్పట్లో లైట్లెక్కడివి? నెత్తిన తెల్లగుడ్డ కప్పు, పక్కన తగరం అతికించిన పలకలు, సూర్యుడు ఎంతసేపుంటే అంతసేపే పని. మీరేమో అద్దం ముందు నుంచి లేచేవారు కాదు. ఒకరోజు ఎండ జారిపోతోందని డైరెక్టరు జుట్టు పీక్కుంటూ, సూదీ దారం పట్టుకుని నిలబడ్డ అక్కను చూశాడు. 'అమ్మాయ్, ఆ కిటికీలోంచి దూకగలవా?' అన్నాడు. అక్క సూది జాగ్రత్తగా దారపుండకు గుచ్చి, 'ఒకసారా, రెండుసార్లా?' అంది.

ఆ మర్నాటి నుంచి మీరు మీసం పెంచారు.

నవ్వొస్తోందా? మీ పెదవి ఆ పక్కకు లాగితే నవ్వో ఏడుపో తెలియడం లేదు, ఏమీ అనుకోకండి.

మీరిద్దరూ కలిసి చేసింది ఒక్కటే సినిమా. అప్పటి గుడారాల్లో తెర పలచటి గుడ్డ. దాని వెనకాల చీకట్లో నిలబడి జనం ఏమంటున్నారో వినడం మీకు అలవాటు. నేనూ మీ పక్కనే ఉన్నాను. అక్క కిటికీలోంచి దూకింది. ఈలలు! గుడారం లేచిపోతుందనుకున్నాను. అప్పుడొకడు అరిచాడు. 'ఒరేయ్, ఆ పక్కన కొయ్యబొమ్మను ఎవడు పెట్టాడ్రా, అమ్మాయి కనబడటం లేదు, తీసెయ్యండి!'

నేను నవ్వాపుకోలేకపోయాను. మీరు నా వైపు చూశారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. అక్కడ మొదలైందండీ అంతా, ఇంకెక్కడా కాదు.

ఆ తరువాత ఆవిడ పక్కన చెయ్యనన్నారు. మీరు వేరే పదకొండు సినిమాలు, అక్క వేరే పది. పదో దాంట్లో గోడ మీంచి గుర్రం మీదికి దూకి, జారిపడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకుంది. నెల రోజులు మంచం. ఆ నెలంతా చెంచాతో జావ తాగించింది మీరు. దిండు సర్దింది మీరు. ఎందుకు అబద్ధం చెప్పాలి, ఆ ఒక్క నెలా మీరు మనిషిలాగే ఉన్నారు. దానికే అక్క పడిపోయింది. గుర్రం మీంచి పడితే ఎముకే విరిగింది, దీంతో బతుకే విరిగింది.

పెళ్ళయ్యాక 'ఇంక చాలు, ఇంటిపట్టున ఉండు' అన్నారు. ఉంది. మాటల సినిమాలు వచ్చి కంపెనీల వాళ్ళు గుమ్మం ముందు నిలబడితే, 'ఆవిడకు గొంతు పోయింది' అని మీరే చెప్పి పంపించారు. పక్కగదిలో అక్క నవ్వు వాళ్ళకు వినబడుతూనే ఉంది! వాళ్ళు నమ్మారంటే మీ నటన బాగుందనాలి. ఆ ఒక్కసారే బాగుంది.

మాటల సినిమాలో మీ గొంతు విని జనం ఏం చేశారో ఇప్పుడు ఎత్తను. మంచంలో ఉన్న మనిషి.

ఇక వెండివాడి సంగతి. ఆ సినిమాలు తీసిన కంపెనీ మీ చేతికొచ్చింది. మూగ సినిమాలు ఎవరూ చూడటం లేదు. పాత ఫిల్ములు ఉడకబెట్టి వాటి మీది వెండి గీసుకునేవాడు ఊళ్ళు తిరుగుతున్నాడు. అడుగున మిగిలిన తుక్కుతో బొత్తాలూ దువ్వెనలూ చేసేవాళ్ళు. మీరు నన్ను పిలిచారు. నేను మీ దగ్గర ఫిల్ము అతికించే పనిలో ఉన్నానాయె. 'మీ అక్కవి పదీ, మేమిద్దరం చేసిందీ, పదకొండూ ఇచ్చెయ్. నావి మాత్రం ఉంచు' అన్నారు.

'బావగారూ, ఒక్కటైనా...' అన్నాను.

'నీకు పని కావాలా, అక్క సినిమా కావాలా?' అన్నారు. కడుపు నిండా భోంచేసి పళ్ళు కుట్టుకుంటూ అన్నారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నేనంత గొప్పవాణ్ణేం కాదు. మూతలు మార్చాను. అంతే! మిట్టమధ్యాహ్నం, మీరు కునుకు తీస్తుంటే. అక్కవి పదకొండు మూతలు మీ పెట్టెలకు, మీవి పదకొండు అక్క పెట్టెలకు.

బండి వచ్చింది. మీకు నా మీద నమ్మకం లేదుగా, గేటు దగ్గర నిలబడి ఒక్కో మూత మీద అక్క పేరు చదువుకుని, ఒక్కో పెట్టె మీ చేతుల్తో మీరే బండిలో పెట్టారు. ఒక పెట్టె జారబోతే నేను పట్టుకున్నాను. 'జాగ్రత్త బావగారూ' అని కూడా అన్నాను!

అవునండీ. మీరు అనుకుంటున్నది నిజమే. మీ కత్తియుద్ధాలు, మీ కనుబొమ్మలు, మీ సింహాసనాలు, అన్నీ. ఎవరింట్లో ఎవరి పేలు దువ్వాయో ఈపాటికి!

ఆయాసపడకండి. నీళ్ళు కావాలా? ఇదిగో, మెల్లగా. మీకప్పుడే ఏమైనా అయితే నాకేం బాగుంటుంది?

ఇన్నేళ్ళలో ఒక్కసారి మూత తీసి ఉంటే దొరికిపోయేవాణ్ణి. 'ఫిల్ముకు గాలి తగిలితే పాడవుతుంది, నిప్పురవ్వ తగిలితే ఇల్లు లేచిపోతుంది, నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు' అన్నాను. నమ్మారు! వారంవారం మూతలు తుడిచి, మీ పేరు చదువుకుని, తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకునేవారు. ఏడాదికోసారి ఆ తాళంచెవి నాకిచ్చి శుభ్రం చేయమనేవారు. నేను తలుపు వేసుకుని ఒక్కో రీలూ విప్పి, ఆరబెట్టి, తిరిగి చుట్టేవాణ్ణి. అయినా రెండు సినిమాలు జిగురుముద్దలయ్యాయి. ఒకటి పొడైపోయింది. ఎనిమిది బతికాయి. ఇందాక కింద ఆ అమ్మాయి రీలు వెలుతురుకు పట్టి, 'ఎవరండీ ఈవిడ? గోడ మీంచి గుర్రం మీదికి... తనే దూకింది!' అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది, తెల్ల తొడుగులతో తుడుచుకుంది.

మీరూ ఉన్నారులెండి. మీరిద్దరూ చేసింది బతికినవాటిలోనే ఉంది. అక్క దూకుతుంటే వెనకాల మీ భుజం ఒకటి కనబడుతుంది.

ఇంక చాలు, దిగిపోదామనుకున్నాను. కానీ కూర్చున్నాను కదా, ఇది కూడా వినండి.

అక్క పోయేముందు నన్ను పిలిచింది. మీరు మందులకు వెళ్ళారు. 'తమ్ముడూ, నిజం చెప్పరా. అరచేతంత ముక్కయినా దాచావా? వెలుతురుకు పట్టి ఒక్కసారి చూసుకుంటాను. నా మొహం నాకే గుర్తు రావడం లేదు' అంది.

అక్క కడుపులో మాట దాగదు, అందులోనూ మీ దగ్గర. ఆ సంతోషంలో మీతో చెప్పేస్తుంది. మీరు మళ్ళీ బండి పిలుస్తారు. ఇదీ నేను నాకు చెప్పుకున్నది. అసలు సంగతి అది కాదు బావగారూ. ఈ రోజు కావాలి నాకు. మీ మొహం ఇలా చూడాలి. అందుకని.

'లేదక్కా, అన్నీ పోయాయి' అన్నాను.

'పోనీలే' అంది. మళ్ళీ తనే, 'బాగానే దూకేదాన్ని కదూ?' అంది.

'బాగానే దూకేదానివి.'

నాలుగు రోజులకు పోయింది. ఆ మంచానికి సరిగ్గా కింద, ఇనుపగదిలో, తన పదకొండు సినిమాలూ ఉండగానే.

ఏమిటా చూపు? జాలా? నా మీదా? వద్దండీ, ఆ ఒక్కటి మాత్రం మీ దగ్గర పుచ్చుకోను.

పిలుస్తున్నారు. కింద దీపం పెట్టిన బల్ల మీద రీలు తిప్పి చూపిస్తారట. ఆ నలుగురినీ పైకి రమ్మంటాను, కుర్చీలో కూర్చోబెట్టి మిమ్మల్ని దింపుతాం. చూడాల్సిన మనిషి పోయింది. ఇక మనిద్దరం చూస్తే ఎంత, చూడకపోతే ఎంత.

పదండి.