వేలి కింద తీగ

భోజనాల బల్ల మీద మూత విప్పిన వైఫై రౌటరు. దాన్నుంచి లాప్‌టాప్‌కి ఒక కేబులు. బల్లకి అటు అల్లుడు, ఇటు అత్తగారు.

“గట్టిగా నొక్కకండి అత్తయ్యా. ఊరికే ఆనించి పట్టుకోండి. జారిందా, పోయిందే.”

“పట్టుకున్నాలే బాబూ. పసిపిల్లల చేతుల్లో నరం వెతికి సూది గుచ్చే చెయ్యి ఇది. ఈ తీగ ఒక లెక్కా?”

“మిగతా తీగలన్నీ నిలిచాయి. ఇదొక్కటే మొరాయిస్తోంది. టంకం వేసే టైము లేదు.”

“అసలిది బతుకుతుందా?”

“బతకాలి. లోపల ప్రోగ్రాం చెడింది. బయట ఏ బటన్ నొక్కినా పలకట్లేదు. అందుకే ఈ జేట్యాగ్ కేబులు. నేరుగా చిప్‌కే తగిలించి, ముందు దీన్ని నిద్ర లేపే ప్రోగ్రాం ఎక్కించాలి. అది ఎక్కిందంటే మిగతాది నిమిషాల్లో పని.”

“నోట్లోంచి మందు దిగని వాడికి సెలైన్ పెట్టినట్టు.”

“అంతే. హెడ్ నర్సుకి నేను చెప్పాలా.”

“వెక్కిరించకు.”

“వెక్కిరింత కాదండీ. అదిగో, చిప్ దొరికింది. కదలకండి, మొదలుపెడుతున్నా.”

“ఎంతసేపు?”

“అరగంట పైనే. మీ అమ్మాయి ఇంటర్వ్యూ ఐదింటికి కదా, అందుతుంది. మధ్యలో తెగితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు ఐదు దాటిపోతుంది.”

“ఫోన్లో చేసుకోకూడదా?”

“ఈ ఇంట్లో ఫోను సంగతి మీకు తెలీదా? హలో అనాలంటే మేడెక్కాలి. ఎండలో నిలబడి ఇంటర్వ్యూ ఏమిస్తుంది?”

“కొత్తది కొంటే?”

“నెట్ కంపెనీ వాళ్లిచ్చిన డబ్బా అయితేనే లైను కలుస్తుంది. ఇంకోటి రేపుగానీ ఇవ్వరట.”

“తలుపేసుకుని కూర్చుంది. ఏడుస్తోందంటావా?”

“ఇందాక ఏడ్చింది. ఇప్పుడు చప్పుడు లేదు.”

“అంతా నా మూలానే. అప్‌డేట్ అవుతోంది, ఎవరూ ప్లగ్ ముట్టుకోవద్దని చెప్పి మరీ స్నానానికెళ్లావు. నేనేమో పీకి కూర్చున్నాను.”

“పోనీండి. ఇస్త్రీపెట్టె ప్లగ్ అనుకున్నారు.”

“ఊఁ.”

“అలాగే కదా చెప్పారు తనతో?”

“అలాగే చెప్పాను. ఎంతయింది?”

“పదిహేను శాతం.”

“ఇంతేనా!”

“పాత కేబులు. నత్త నడకే.”

“నీకేంటి అలా చెమటలు పడుతున్నాయి? ఫ్యాను తిరుగుతోందిగా.”

“ఏం లేదు.”

“మంచినీళ్లు తాగు. ఇద్దామంటే నేను లేవలేను.”

“అత్తయ్యా.”

“ఏంటి?”

“ఇందాకట్నుంచీ నా మూలానే, నా మూలానే అంటున్నారు. అలా అనకండి.”

“నా మూలానే కాబట్టి అంటున్నా.”

“కాదండీ.”

“కాకపోతే? ప్లగ్ తనంతట తనే దూకిందా?”

“మీరు పీకేసరికే అది పోయింది.”

“అంటే?”

“నేనెక్కించిన ఫైలు దీనిది కాదు. వేరే మోడల్‌ది. మీరు పీకినా పీకకపోయినా ఇది లేవదు.”

“పొరపాటున…”

“షాపులో రోజూ ఇవే బాగుచేస్తాను. పొరపాటు కాదు. అలా చూడకండి. తీగ చూడండి.”

“చూడకపోయినా పట్టుకోగలను. చెప్పు.”

“ఆ ఉద్యోగం వస్తే పిల్లాణ్ణి తీసుకుని వేరే ఊరు వెళ్లిపోతుంది. నా షాపు ఇక్కడ. నెలకోసారి వచ్చి చూసి పోతావులే అంది, చుట్టానికి చెప్పినట్టు. వద్దని మొహం మీద అనలేకపోయాను. పైగా, నీకే వస్తుంది చూడు అన్నాను. నెట్ పోతే వాళ్లే ఇంకొకర్ని చూసుకుంటారు, గొడవ ఉండదనుకున్నా. తను నేల మీద కూలబడి ఏడుస్తుందనుకోలేదు. ఇంతలో మీరొచ్చి తప్పు నాదేనన్నారు. మిమ్మల్ని అన్నేసి మాటలంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను.”

“ఏమేమందో నాకు గుర్తుంది.”

“నన్ను చెంప మీద ఒకటి కొట్టండి.”

“చేతులు ఖాళీ లేవు. ఎంతయింది?”

“డెబ్భై.”

“బాబూ, ఇస్త్రీపెట్టె ఎక్కడ పెడతాం మనం?”

“పడగ్గదిలో.”

“రౌటరు?”

“హాల్లో.”

“మరి నేనెలా పొరబడతాను?”

“అత్తయ్యా!”

“బల్ల కదపకు.”

“మీరెందుకండీ? కన్నకూతురు కదా!”

“పిల్లాణ్ణి చూసుకోడానికి నేనూ వెళ్లాలట. నన్నడగలేదు. అమ్మ ఎలాగూ వస్తుందిగా అని నీతో అంటుంటే విన్నాను. రాత్రి డ్యూటీలు చేసి చేసి, ఈ మధ్యనే కదా నన్ను హెడ్ నర్సు కుర్చీలో కూర్చోబెట్టారు. రానే అని చెబుదామని ఎన్నిసార్లు దాని గది దాకా వెళ్లానో. నోరు రాలేదు. ప్లగ్ దగ్గరికి మాత్రం చెయ్యి వెళ్లింది.”

“అంటే ఇద్దరం కలిసి…”

“కలిసి కాదు. ఎవరి పాపం వాళ్లదే.”

“తనకి తెలిస్తే?”

“ఎలా తెలుస్తుంది? నేను చూపు ఆనని ముసలిదాన్ని. నువ్వు షాపు మానుకుని బాగుచేస్తున్న మొగుడివి.”

“ఎనభై ఐదు.”

“ఒకటడగనా?”

“వద్దు.”

“ఏమడుగుతానో తెలుసా?”

“తెలుసు. నా బుర్రలోకీ అదే వచ్చింది.”

“ఈ వేలు కాస్త జారితే చాలు. మళ్లీ మొదటికొస్తుంది, ఐదు దాటిపోతుంది. చెయ్యగలిగింది చేశాం అనొచ్చు.”

“వద్దత్తయ్యా.”

“అంత మెల్లగానా చెప్పడం? గట్టిగా చెప్పు బాబూ. నా మీద నాకు నమ్మకం లేదు.”

“తియ్యకమ్మా. తలుపు వెనక నుంచి అంతా విన్నాను. అది పూర్తయ్యాక ఇద్దరూ లేచి బయటికెళ్లండి. ఇంటర్వ్యూకి నాకీ బల్ల కావాలి.”